తేరు దారిలో గాజు తీగ

"ఏటా తేరు తిరిగే వీధి ఇది. మీ కంపెనీ పుట్టకముందు నుంచీ తిరుగుతోంది. ఆ సంగతి మీ ఆఫీసులో ఒక్కరికీ తెలియదా? తెలియకపోతే మమ్మల్ని అడగాలని ఒక్కరికీ తోచలేదా? గీత గీసింది మీరు. స్తంభాలు ఎంచింది మీరు. నింద మోసేది మాత్రం గంగాధరమా?"

కోమలవల్లి ఈ మాటలు కూర్చుని అనలేదు. శ్రీనిలయం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్లన్నీ ఒక మూలకి నెట్టి వేసిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య నిలబడి, కొంగు నడుముకి దోపి, కొండగాలి కంపెనీ మేనేజరు అమర్‌నాథ్ ముఖం మీదే అంది. ఆవిడ భర్త శఠగోపం స్వామి గుడిలో పాశురాలు చదివే మనిషి, గట్టిగా మాట్లాడితే గొంతు పాడవుతుందని భయం. ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడే పని మొత్తం ఆవిడే చూసుకుంటుంది.

కథ ఎక్కడ ఆగిందో రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. తిరుపతిలో ఇంటింటికీ ఫైబర్ తీగ వేసి ఇంటర్నెట్ ఇస్తామని కొండగాలి వాళ్ళు దిగారు. లిఫ్టులూ పార్కింగులూ ఉన్న కొత్త అపార్ట్‌మెంట్లు చాలనుకున్నారు. పాత వీధులు వాళ్ళ పటంలోనే లేవు. ప్లానింగ్ చూసే ప్రశాంతి, బంగారుపాళ్యం పిల్ల, ఆఫీసులో అందరితో పోట్లాడి తేరు వీధిని పటంలోకి ఎక్కించింది. ఆ వీధిలో పదిహేనేళ్ళుగా కేబుల్ టీవీ నడుపుతున్న గంగాధరాన్నే కంపెనీ మనిషిగా పెట్టించింది. తీగ పడింది. వీధిలో పాత మిద్దెల్లోనూ, ఈ శ్రీనిలయంలోనూ ఇంటర్నెట్ వెలిగింది. నెల తిరక్కుండానే తేరు పండగ వచ్చింది. తేరు మలుపు తిరిగిన చోట తీగ తెగింది. తెగిన చోట నల్ల టేపు చుట్టి ఉంది. ఎవరు కోశారని అడిగితే గంగాధరం "నేనే" అని తల వంచుకున్నాడు.

అక్కడ ఆగింది. ఇప్పుడు ఆ టేపు చుట్టిన ముక్క అమర్‌నాథ్ చేతిలో ఉంది.

అమర్‌నాథ్ చెడ్డవాడని చెప్పడానికి లేదు. హైదరాబాదు నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తల దువ్వుకోను కూడా తీరలేదు. అయితే చెడ్డవాళ్ళ వల్ల జరిగే నష్టం కన్నా, ఊరు చూడకుండా ఊరికి ప్లాను గీసే ఇలాంటి మంచివాళ్ళ వల్ల జరిగే నష్టం ఎక్కువ. ఆయన ఎంతో మర్యాదగా రెండు నిర్ణయాలు చెప్పాడు. గంగాధరానికీ కంపెనీకీ ఇవాళ్టితో సంబంధం లేదు. తేరు వీధి ప్లానులోంచి తీసేశారు, రేపు మనుషులొచ్చి తీగ చుట్టుకుపోతారు.

సెల్లార్ మొత్తం ఒక్కసారి గంగాధరం వైపు చూసింది.

గంగాధరం స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మాసిన తెల్ల చొక్కా, భుజాన చుట్టిన పాత తీగ, బొటనవేలికి గుడ్డ కట్టు. ఆయనకి ఈ వీధి తప్ప ఇంకేం లేదు. ఇప్పుడు జనం మిద్దెల మీద సొంత డిష్షులు పెట్టుకుంటున్నారు, కేబుల్ టీవీ రోజులు అయిపోవచ్చాయి. ఈ ఫైబర్ కూడా పోతే, పొద్దున్నే లేచి భుజాన తీగ వేసుకుని పోవడానికి ఆయనకి ఒక్క గడప మిగలదు. అది తెలిసి కూడా నోరు విప్పలేదు.

ఇందులో తన తప్పు ఎంతో ప్రశాంతికి తెలుసు.

తేరు వీధిలో ఒక పద్ధతి ఉంది. తేరు రోజు పొద్దున గంగాధరం కటింగ్ ప్లేయర్ తీసుకుని మిద్దెలెక్కి, వీధికి అడ్డంగా ఉన్న తన తీగలన్నీ తనే కోసేస్తాడు. కరెంటు వాళ్ళు వాళ్ళ తీగలు దించుకుంటారు. తేరు దాటిపోతుంది. జనం ప్రసాదం తిని ఇళ్ళకి చేరేలోపు గంగాధరం మళ్ళీ ఎక్కి, పళ్ళతో పై పొర చీల్చి, రాగి మెలిపెట్టి, టేపు చుట్టేస్తాడు. టీవీలు వెలుగుతాయి. ఆ కాసేపు టీవీ లేకపోవడం కూడా పండగలో భాగమేనని ఆ వీధి పిల్లలకి నమ్మకం.

రాగి తీగకి అది చెల్లింది. ఫైబర్ లోపల ఉండేది గాజు, తలవెంట్రుక కన్నా సన్నం. దాంట్లో వెలుగు పారుతుంది. ఒకసారి తెగితే పళ్ళకీ టేపుకీ లొంగదు, కరిగించి అతికే మిషను కావాలి, ఆ మిషను చెన్నై నుంచి రావాలి. ఇదంతా ప్రశాంతి గంగాధరానికి నేర్పింది. "మామా, నిన్ను నువ్వు కోసుకున్నా పర్వాలేదు గానీ దీన్ని మాత్రం కోయద్దు" అని నవ్వుతూ చెప్పింది కూడా.

తేరు సంగతి చెప్పనిది గంగాధరం. అడగనిది తను. సర్వే చేసిన నెలలో తేరు రేకుల షెడ్డులో మూసి ఉంది, దాన్ని చూసి ఎవరిదో గోడౌన్ అనుకుంది. తేరు వీధన్నది పాతకాలం నుంచి మిగిలిన పేరే అనుకుంది. తీగ ఎంత ఎత్తున పోవాలో లెక్క వేసేటప్పుడు ఇటుకల లారీని దృష్టిలో పెట్టుకుంది. తీగ తెగిన రోజు సాయంత్రం గంగాధరం దగ్గరికి పోయి, "లారీ ఎత్తు కొలిచినాను మామా, దేవుడి ఎత్తు కొలవలేదు" అని ఏడ్చింది. ఆయన తన తువ్వాలే ఇచ్చి ఓదార్చాడు.

"నీ తప్పేముండాది పాపా. తేరొస్తాదని ఎవురైనా ఇంకొకరికి చెప్తారా? పొద్దు పొడస్తాదని చెప్తామా?"

వీధి మొత్తం అలాగే అనుకుంది. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ నోటితో అనలేదు, ఎవరూ అనలేదు కాబట్టి అది ప్లానులోకి రాలేదు.

ఆ మాటే ఇప్పుడు అమర్‌నాథ్ ముందు చెప్పేసింది ప్రశాంతి. ఎత్తు లెక్క తనదేననీ, తీసేయాల్సి వస్తే తనని తీసేయమనీ అంది. అమర్‌నాథ్ విసుగ్గా ఆ ముక్కని ఆమె చేతిలో పెట్టాడు.

"ఎత్తు నీదే. కోత ఎవరిది? టేపు చుట్టినవాడే కోసినవాడు. ఆయనే ఒప్పుకున్నాడు. ఇంకా వాదన దేనికి?"

ప్రశాంతి ఆ ముక్కని అప్పటిదాకా దగ్గరగా చూడలేదు. వెలుతురు కోసం సెల్లార్ వాలు దగ్గరికి నడిచింది. టేపు విప్పింది. లోపల గాజు వెంట్రుకలు ముక్కలు ముక్కలై, రాగిలా మెలితిప్పాలని చూసిన గుర్తులున్నాయి. గంగాధరం బొటనవేలి కట్టు ఎందుకో అర్థమైంది. పాపం, పళ్ళతో కూడా ప్రయత్నించినట్టున్నాడు. తెగిన అంచు మీద నల్లటి మరక ఉంది. గోటితో గీకింది, పోలేదు. మామిడి తోటల పక్కనే అరటి తోటలున్న ఊరి పిల్ల. ఆ మరక ఏమిటో చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. అరటి పసరు.

ఇంకో సంగతి కూడా తట్టింది. వెనక్కి తిరిగి, గట్టిగానే అడిగింది.

"మామా, నువ్వు తీగ యాడ కోస్తావు?"

జవాబు వెనక కుర్చీల్లోంచి వచ్చింది, ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. మిద్దె అంచున, స్తంభం పక్కనే కోస్తాడు. చుట్టలో కొంచెం మిగులు వదిలి కోస్తాడు. మళ్ళీ కలపాలి కదా, నడివీధిలో కోస్తే గాల్లో నిలబడి కలుపుతాడా ఏమిటి.

"ఇది నడివీధిలో తెగింది సార్. సరిగ్గా తేరు పైభాగం వచ్చే చోట. మిద్దె మీద నుంచి ఎవురి చెయ్యీ ఆడికి అందదు. కోసింది కటింగ్ ప్లేయర్ కూడా కాదు, అరటి గెలలు కోసే కొడవలి. టేపు ఒక్కటే ఈయనది."

అంతవరకే అంది. ఆ తర్వాత మాట ఆమె అనలేదు, అక్కడున్న ఎవరూ అనలేదు. తేరుకి అరటి పిలకలు కట్టి ఉంటాయి. వాటిని సర్దడానికి కొడవలి తేరు మీదే ఉంటుంది. తేరు మీద ఎవరుంటారో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

వెనక వరసలో శఠగోపం స్వామి లేచి నిలబడ్డాడు.

"కోసింది నేను."

కోమలవల్లి కొంగు నడుములోంచి జారింది.

ఆయన మెల్లగా, పాశురం చెప్పినంత నిదానంగా చెప్పుకొచ్చాడు. వయసు మీదపడి నడవలేకపోతున్నాడని ఆ పూట అర్చకులు ఆయన్ని తేరు మీద కూర్చోబెట్టారు. మలుపు దగ్గర తేరు పైనున్న గొడుగుకి తీగ చిక్కింది. కింద పగ్గాలు లాగేవాళ్ళకి అది కనపడదు, వాద్యాల్లో కేకలు వినపడవు. ఇంకొక్క లాగు లాగితే గొడుగు కర్ర విరిగి జనం మీద పడేది. ఎదురు మిద్దె అంచున గంగాధరం పంగల కర్ర పట్టుకుని తీగని పైకెత్తుతూ సగం బయటికి వేలాడుతున్నాడు. కోయద్దు స్వామీ, ఇంకొంచెం ఎత్తుతా, కోయద్దు అని అరుస్తున్నాడు.

"ఏటా తనే కోసే మనిషి. ఈసారి ఈ పిల్లకి మాటిచ్చాడట. ఆ మాట కోసం దేవుణ్ణి నడివీధిలో నిలబెట్టాడు. అతను కింద పడతాడని నాకు భయం వేసింది. కొడవలి అందుకున్నాను. తేరు దిగగానే చెప్పేవాణ్ణే. అతనే నా చేతులు పట్టుకున్నాడు."

అప్పుడు గంగాధరం నోరు తెరిచాడు.

"నన్ను తిడితే నన్ను తిట్టినట్టే స్వామీ. మిమ్మల్ని అంటే తేరును అన్నట్టవతాది. ఈ సార్లకి అదేం తెలుస్తాది. నేనైతే తిట్లు తిన్నోణ్ణే గదా, టీవీ పోయిన ప్రతిసారీ."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో సెల్లార్ అంతా ఊపిరి పీల్చుకుంది.

కోమలవల్లి మాత్రం నవ్వలేదు. భర్త ముందుకి వచ్చి నిలబడింది. ఇంటర్నెట్ వచ్చిన రోజు నుంచి ఆయన రోజూ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, శ్రీరంగం దాకా, మేల్కోటె దాకా ఉన్న పిల్లలకి పాశురాలు చెబుతున్నాడు. లైను పోయాక ఆ వేళకి అలవాటుగా వెళ్ళి నల్లటి తెర ముందు కూర్చుని వస్తున్నాడు. కంపెనీ వాళ్ళ పుణ్యం అని ఆవిడ రెండు రోజులుగా వీధి వీధంతా తిట్టి వచ్చింది.

"నేను ఊరందరినీ తిడుతుంటే, పక్కనే కూర్చుని పెరుగన్నం తిన్నారు కదూ. ఉప్పు చాలిందా అని కూడా అడిగాను."

"చాలింది" అన్నాడాయన.

ఆవిడ ఆయన భుజం మీద జారిన ఉత్తరీయం సరిచేసి, ఆ చేతినే అలా ఉంచింది.

అమర్‌నాథ్ ఇదంతా చూశాడు. కరగలేదని చెప్పలేం, కానీ మేనేజరు మేనేజరే. గంగాధరం కోయలేదు, సరే, ఆయన్ని తీసేయడం లేదు. కానీ వచ్చే ఏడు కూడా తేరు వస్తుందా రాదా? తీగ ఎంత పైకి ఎత్తినా గొడుగు ఇంకో మూరెడు పైకి పోతుంది. ఎవరో భూమిలో వేయొచ్చుగా అన్నారు. దానికి వీధివాళ్ళే ఒప్పుకోలేదు, తవ్విన చోట నేల కుంగితే తేరు చక్రం దిగబడుతుంది, ఆ పాపం ఎవరికి కావాలి. అమర్‌నాథ్ చేతులు దులుపుకున్నాడు. మంచి వీధి, మంచి మనుషులు, అయితే ఫైబర్‌కి పనికిరాని వీధి. ఊరి చివర కొత్త అపార్ట్‌మెంట్లు బోలెడున్నాయి.

"పనికిరాందేముంది సార్" అంది ప్రశాంతి. "మనం వీధిని ముందు నుంచి చూసినాం. వెనక నుంచి చూడలేదు."

నేల మీద కూర్చుని సెల్లార్ గచ్చు మీదే సుద్దముక్కతో గీసింది. ఇది తేరు వీధి. తూర్పు వరసకి తీగ మెయిన్ రోడ్డు నుంచి వస్తుంది, దానికి ఏ ఇబ్బందీ లేదు. గొడవంతా ఆ తీగ వీధి దాటి పడమటి వరసకి రావడంలో ఉంది. అసలు దాటడం దేనికి? పడమటి వరస ఇళ్ళ వెనక సందు ఉంది. ఆ చివర బడి పక్కన కూడా కంపెనీ మెయిన్ లైను పోతోంది. అక్కడి నుంచి తీగ తెచ్చి, వెనక గోడల మీదుగా, పెరటి నుంచి పెరటికి, మిద్దె నుంచి మిద్దెకి నడిపిస్తే శ్రీనిలయం దాకా వచ్చేస్తుంది. వీధికి అడ్డంగా ఒక్క పోగు ఉండదు. తేరు తన దారిన తను పోతుంది.

అమర్‌నాథ్ వంగి చాలాసేపు చూశాడు. బాగానే ఉంది, కానీ అన్నీ సొంత ఇళ్ళు. ఒక్క గోడ కాదంటే మొత్తం ఆగిపోతుంది. సాయంత్రం బస్సెక్కేలోపు ప్రతి గోడా ఒప్పుకుందని వింటే వీధిని ప్లానులో ఉంచుతాననీ, లేకపోతే రేపు తీగ చుట్టడమేననీ అన్నాడు.

"సాయంత్రం సంగతి సాయంత్రం. ముందు పైకొచ్చి పులిహోర తినండి" అంది కోమలవల్లి. "అరిచింది అరిచిందే, తిండి తిండే."

అమర్‌నాథ్ ఆవిడ వెనక మెట్లెక్కాడు.

ఎండ మండిపోతోంది. ప్రశాంతీ గంగాధరమూ సందులో పడ్డారు. ఆయన భుజాన నిచ్చెన, ఆమె చేతిలో సుద్దముక్క. ఒప్పుకున్న గోడ మీద గీత పెట్టుకుంటూ పోవడమే పని.

ఈ దేశంలో ఏ పెద్ద పనికైనా పై ఆఫీసుల్లో దొరికే అనుమతి కన్నా, పెరట్లో అంట్లు తోముకుంటున్న మనిషి దగ్గర దొరికే అనుమతి ఖరీదైనది. అది అధికారంతో రాదు. గంగాధరానికి మాత్రం అడగడం తెలుసు. ఒకావిడ తులసి మీదుగా తీగ పోకూడదంది, సరేనని పక్కకి జరిపారు. ఒక ముసలాయన మడి బట్టలు ఆరేసే దండేనికి మీ తీగ తగిలితే ఊరుకోనన్నాడు. ఆ తీగలో కరెంటు ఉండదు స్వామీ, వెలుగే ఉంటుందని ప్రశాంతి నచ్చజెప్పబోయింది. వెలుగైనా సరే మడికి తగలకూడదన్నాడు. దండెం కన్నా మూరెడు పైన గీత పెట్టారు. ఒకావిడ తీగ సంగతి వదిలేసి, స్వామి కొడవలితో కోశాడంట నిజమేనా అని మొత్తం చెప్పించుకున్న తర్వాతే గోడ ఇచ్చింది. ఇంకొకాయన పిట్టగోడ దగ్గర నిలబడి, గంగాధరం తన పెళ్ళి క్యాసెట్టు కేబుల్లో వేసిన రోజు గుర్తుచేసుకుని, నా గోడేంది అబ్బా, ఇల్లే తీసుకో అన్నాడు.

గోడ వెనక గోడ, గీత వెనక గీత. గంగాధరం నడకలో వయసు తగ్గిపోయింది. ప్రశాంతికి నవ్వొచ్చింది. అప్పుడే సందు చివరికి వచ్చారు.

సందు ఒక ఇంటి గోడతో ముగిసింది. గోడకి అవతల బడి, మెయిన్ లైను. ఈ ఇల్లు ఒప్పుకుంటేనే మిగతా గీతలన్నిటికీ అర్థం. గంగాధరం నిచ్చెన దించాడు. ముఖంలో వెలుగు పోయింది.

"ఇది మునిరత్నమ్మ ఇల్లు పాపా. నువ్వు పో. నేను రాను."

మునిరత్నమ్మ ఎవరని ప్రశాంతి అడిగింది. వీధి మొత్తంలో కేబుల్ తీసుకోని ఒకే ఒక్క ఇల్లు అదని ఆమెకి పటంలోంచి తెలుసు, అంతే.

"మా యక్క" అన్నాడు గంగాధరం.

గోడ నీడలో కూర్చుని, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆయన మొదటి డిష్ పెట్టింది ఈ అక్క మిద్దె మీదే. వీధికి తీగలన్నీ ఈ ఇంటి నుంచే పోయేవి. నిద్ర లేకుండా తిరుగుతుంటే అన్నం ముద్దలు కలిపి పెట్టింది ఈ అక్కే. ఆమె భర్త పోయిన రోజున గంగాధరం మిషన్లు కొనడానికి చెన్నైలో ఉన్నాడు. కబురు అందలేదు. కింద వాకిట్లో శవం, పైన మిద్దె మీద నుంచి పోయే తీగలతో వీధంతా టీవీల్లో సినిమా పాటలు, క్రికెట్ కేకలు. ఆపేవాడు లేడు. చివరికి అక్కే మిద్దెక్కి చేతికి దొరికిన తీగలన్నీ పీకేసింది. అది క్రికెట్ ఫైనలు జరుగుతున్న రోజు, ఆట మధ్యలో వీధి టీవీలన్నీ ఆగిపోయాయి. మర్నాడు ఊరొచ్చిన తమ్ముడు, జరిగిన చావు సంగతి తెలిసేలోపే, వీధివాళ్ళ తిట్లు తిన్న కోపంతో గడపలో నిలబడి అనరాని మాట అన్నాడు. తెలిశాక సిగ్గుతో డిష్ ఊడబెరుక్కుని పోయాడు. పోతూ పోతూ ఈ గడప తొక్కితే గంగమ్మ మీద ఆన అని తనకి తనే ఒట్టు వేసుకున్నాడు.

"ఆయమ్మ నన్ను పొమ్మన్లేదు పాపా. నేనే పోయినా. దానికే ఇంక రాలేకుండా ఉండా."

ప్రశాంతి చుట్టూ తిరిగి ముందు వాకిలికి వెళ్ళింది.

మునిరత్నమ్మ నడవలో కత్తిపీట ముందు కూర్చుని ఊరగాయకి మామిడికాయలు కొడుతోంది. బక్కపలచని మనిషి, నెరిసిన జుట్టు, చేతిలో మాత్రం జోరు తగ్గలేదు. ఎవరు నువ్వని అడగలేదు. ఏ ఊరని అడిగింది. బంగారుపాళ్యమని చెప్పగానే ఒక ముక్క తీసి చేతిలో పెట్టింది.

"తిని సెప్పు. పుల్లకాయేనా, మోసం చేసినాడా అంగడోడు?"

ప్రశాంతి కొరికింది. పళ్ళు జివ్వుమన్నాయి. పుల్లకాయేనంది. తర్వాత తీగ సంగతి, తేరు సంగతి, గోడ సంగతి అన్నీ చెప్పింది. గంగాధరం పేరు వచ్చినప్పుడల్లా మునిరత్నమ్మ చేతిలో కాయ ఒక్క క్షణం ఆగి మళ్ళీ తెగింది.

"తేరు రోజు నేను మిద్దె మీదుండా. ఎదురు మిద్దె మీద వాడు ఆ పంగల కర్ర పట్టుకోని యాలాడతా ఉంటే నా పాణం నా కాడ లేదు. తీగ కోసమంట. ఆ తీగ వాడికి అన్నం పెడ్తాదని అప్పట్లో నేనే మురిసిపోతి." కత్తిపీట పక్కకి వాల్చింది. "రా మే. పైకి రా."

మిద్దె మీద కాళ్ళు కాలుతున్నాయి. ఒక మూల చాపల మీద వడియాలు ఎండుతున్నాయి. ఇంకో మూలని చూసి ప్రశాంతి ఆగిపోయింది. డిష్ నిలబెట్టడానికి కట్టిన సిమెంటు దిమ్మె. డిష్ లేదు. దిమ్మెకి మాత్రం కొత్త సున్నం కొట్టి ఉంది. చుట్టూ ముగ్గు కూడా ఉంది. పక్కనే గోడకి, పీకేసిన పాత రాగి తీగల కొనలు చుట్టచుట్టి మేకుకి తగిలించి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఎవరూ పారేయలేదు.

"ఏటా పండక్కి ఇల్లంతా సున్నం కొట్టి దీన్నొక్కదాన్ని వదిలేస్తే బాగుండదు గదా" అంది మునిరత్నమ్మ, ఎవరూ అడక్కుండానే. "గోడ ఇస్తా. మిద్దె ఇస్తా. నీ తీగలన్నీ యాడ కలవాలో ఆ పెట్టె ఈ దిమ్మె మీదనే పెట్టాల. బిగించేది వాడే బిగించాల. ఇంకొకరు బిగిస్తే ఒప్పుకోను."

ప్రశాంతి సంతోషంతో నోరు తెరవబోయింది. సరిగ్గా ఈ వరస ఇళ్ళన్నిటికీ తీగ పంచే పెట్టె పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఎవరు గీసినా ఇక్కడే గీస్తారు. అంతలో ఆన గుర్తొచ్చింది. గంగాధరం పెరటి గోడకి నిచ్చెన వేసుకుని ఎక్కుతాడనీ, గడప మాత్రం తొక్కలేడనీ, కాళ్ళు పట్టుకున్నంత పని చేసి చెప్పింది.

మునిరత్నమ్మ వినలేదు. పిట్టగోడ దగ్గరికి నడిచింది.

కింద సందులో గంగాధరం అప్పటికే నిచ్చెన గోడకి ఆనించాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, పైకి చూసి, అలాగే ఉండిపోయాడు. అక్కా తమ్ముళ్ళ కళ్ళు కలిశాయి. సందుకి ఆ చివర కోమలవల్లి పక్కన, చేతిలో సంచీతో, బస్సుకి టైమైన అమర్‌నాథ్ నిలబడి ఇటే చూస్తున్నాడు. ప్రశాంతి పిట్టగోడ పట్టుకుంది. ఇటుక కాలుతున్నా వదల్లేదు.

మునిరత్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇన్నేళ్ళ తర్వాత తమ్ముడితో మాట్లాడుతున్న గొంతు వీధికంతా వినపడింది.

"గంగాధరా, నిచ్చెన దిగు. దొంగమాదిరిగా ఎనకాల నుంచి వచ్చేదానికి ఇది ఎవురిల్లనుకున్నావు? ఆ ఆన సంగతి గంగమ్మకి నేను సెప్పుకుంటా. ముందర వాకిలి తీసే ఉండాది. తీగ భుజానేసుకోని, గడప తొక్కి, ఇప్పుడే రా. నువ్వు రాకుంటే ఈ గోడ మీద సుద్దగీత కూడా పడేదానికి లేదు."

గంగాధరం కాలు నిచ్చెన మెట్టు మీదే ఉంది.

"ఇప్పుడే" అంది మునిరత్నమ్మ మళ్ళీ.